రాయలు మఱికొంతకాలము జీవించియున్నచో

తిరుమలలో శ్రీ వేంకటేశ్వరస్వామివారి ఆలయ మహాద్వారమును దాటి లోపల అడుగిడగానే ఒక మండపము కానవచ్చును. స్వామి దర్శనమునకై త్వరపడు యాత్రికులలో అనేకులు దానివంక చూడకయే సాగిపోవుదురు. ఆ మండపమున ఒక మహారాజు, ఇరుప్రక్కల ఇరువురు దేవేరులతో, చేతులు జోడించి నిలిచియున్నాడు. అవి రాగి ప్రతిమలు. ఆ మహారాజు శ్రీకృష్ణదేవరాయలు. ఆ దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి.

ఆ మండపములోనే మఱి యిరువురు రాజుల ప్రతిమలును కలవు. ఒకటి అచ్యుతదేవరాయలది, ఆయన తన రాణితో శిలారూపమున నిలిచియున్నాడు. మఱియొకటి వేంకటపతిరాయలది, అది రాగితో చేసినది. ఈ మువ్వురిలో మొదటివాడు విజయనగర సామ్రాజ్యమును ఉన్నతశిఖరమునకు చేర్చి, ఇంకొక దండయాత్రకు సిద్ధమగుచుండగనే కన్నుమూసెను. రెండవవాడు ఆయన మరణమువలన సింహాసనమెక్కినవాడు. మూడవవాడు విజయనగరము పాడుపడిన పిమ్మట మన చంద్రగిరినుండి రాజ్యమేలినవాడు. మొదటివాడు మఱి పదునైదేండ్లు జీవించియున్నచో తక్కిన యిరువురును రాజులై యుండెడివారా? విజయనగరము నేలగూలియుండెడిదా? విద్యార్థులారా! ఈ పాఠములో మనము విచారింపబోవు ప్రశ్న ఇదియే.

ఇట్టి ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు రెండువేల సంవత్సరములకు పూర్వము రోమునగర చరిత్రకారుడైన లివీ, తన గ్రంథములో కథాగమనమును ఒకింత ఆపి, అలెగ్జాండరు మఱికొంతకాలము జీవించి రోముపై దండెత్తియున్నచో ఏమి జరిగియుండునని చర్చించెను. అలెగ్జాండరు ఇరువదియవ యేట రాజై, పారసీక సామ్రాజ్యమును జయించి, క్రీ. పూ. 326లో మన దేశమున వితస్తానదీతీరమున పురుషోత్తముని ఎదిర్చెను. విపాశానదిని చేరినంతట సైనికులు ముందునకు నడువనొల్లక పోగా మరలిపోయెను. అరేబియాపై దండయాత్రకు ఓడలు సిద్ధము చేయించుచు, క్రీ. పూ. 323లో బాబిలోనునగరమున జ్వరపీడితుడై, ముప్పదిమూడేండ్లు నిండకమునుపే మరణించెను. రాజ్యమెవ్వరికని సేనానులు అడుగగా అత్యంత బలవంతునకని ఆతడు చెప్పినట్లు పురాతన చరిత్రకారులు వ్రాసిరి. అప్పటికి ఆతని కుమారుడు ఇంకను పుట్టనేలేదు. తరువాత పుట్టిన ఆ బాలుడు పెద్దవాడు కాకమునుపే చంపబడెను. సేనానులు నలువది యేండ్లపాటు తమలో తాము పోరాడి రాజ్యమును పంచుకొనిరి. వారిలో ఒకడైన సెల్యూకసు మన చంద్రగుప్తమౌర్యునితో సంధి చేసికొని, సింధునదికి ఆవలనున్న ప్రాంతములను విడిచి, ఐదువందల ఏనుగులను గైకొనెను.

ఒక్క జ్వరము లోకచరిత్రను మార్చివేసినదని చెప్పుట సులభము. కాని అట్లు చెప్పుటకుముందు మనము కొన్ని హద్దులను ఏర్పరచుకొనవలెను. హద్దులేని ఊహ కట్టుకథ యగును గాని చరిత్ర కానేరదు.

మొదటి హద్దు ఇది: మార్చదగినది ఒక్కటే. రాజు మరణించిన దినమును మాత్రము వెనుకకు జరుపవచ్చును. ఆయనకు లేని ఓడలను, లేని ఫిరంగులను, లేని మిత్రులను మనము ఈయరాదు. రెండవ హద్దు: ఆయన జీవించియున్నంత మాత్రమున తక్కినవారు కదలక మెదలక కూర్చుండరు. శత్రువులకును బుద్ధియు పౌరుషమును కలవు. మూడవ హద్దు: కాలమున ముందునకు పోయిన కొలది ఊహకు బలము తగ్గును. మఱునాటి సంగతిని కొంత ధైర్యముతో చెప్పవచ్చును. నూరేండ్ల పిమ్మటి సంగతిని చెప్పుటకు ఎవ్వరికిని సాధ్యము కాదు. ఈ మూడు హద్దులను మనసునందుంచుకొని మన రాయల కథను పరికింతము.

తుళువ నరసనాయకుని కుమారుడగు శ్రీకృష్ణదేవరాయలు 1509లో రాజ్యమునకు వచ్చెను. మహామంత్రి సాళువ తిమ్మరుసు ఆయనకు కుడిభుజమై నిలిచెను. గజపతులపై దండెత్తి, ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో ఉదయగిరి దుర్గమును పట్టుకొనెను. 1515లో కొండవీడు వశమయ్యెను. అటుపిమ్మట కొండపల్లి, రాజమహేంద్రవరములను గెలిచి సింహాచలమువఱకు సాగి, పొట్నూరులో జయస్తంభమును నాటెను. చివరకు ప్రతాపరుద్ర గజపతి సంధి చేసికొని తన కుమార్తెను రాయలకిచ్చి వివాహము చేసెను. రాయలు కృష్ణానదికి ఉత్తరముననున్న భూములను ఆయనకు మరల ఇచ్చివేసెను. 1520లో రాయచూరు యుద్ధమున బిజాపురము సుల్తాను ఇస్మాయిలు ఆదిల్‌షాను ఓడించి ఆ దుర్గమును గైకొనెను.

ఈ విజయముల నడుమ ఆయన మన తిరుమలకు పలుమారులు వచ్చెను. 1513 మొదలు 1521వఱకు ఏడుమారులు స్వామిని దర్శించినట్లు శాసనములవలన తెలియుచున్నది. ఉదయగిరిని గెలిచిన వెంటనే, 1514 జులైలో వచ్చి, ముప్పదివేల బంగారు నాణెములతో స్వామికి కనకాభిషేకము చేసెను. 1518లో ఆనందనిలయ విమానమునకు బంగారుపూత పూయించెను. తాను రచించిన ‘ఆముక్తమాల్యద’ను ఆ స్వామికే అంకితము చేసెను. ఆ కాలమున విజయనగరమును చూచిన డొమింగో పేసు అను పోర్చుగీసు యాత్రికుడు, రాయలు తెల్లవారకమునుపే లేచి సాముచేసి గుఱ్ఱపుస్వారి చేయుచుండెడివాడని వ్రాసెను. అట్టి దృఢకాయుడు త్వరలో మరణించునని ఎవ్వరు తలంతురు?

అయినను రాయలకు వారసుని గూర్చిన చింత తప్పలేదు. 1524లో ఆయన తన చిన్న కుమారుడగు తిరుమలరాయనికి పట్టము గట్టెను. బాలునకు అప్పటికి ఆరేండ్లు. కొలది నెలలలోనే ఆ బాలుడు మరణించెను. విషప్రయోగము జరిగినదని రాయలు నమ్మి, తిమ్మరుసు కుటుంబమును అనుమానించి, ఆ వృద్ధమంత్రిని చెఱసాలలో వేయించి కన్నులు తీయించెనని నూనిజు అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసెను. ఈ విధముగా రాయలు జీవించియుండగనే రాజ్యము ఒక భావిరాజును, ఒక మహామంత్రిని కోల్పోయెను. ఈ సంగతిని మఱువరాదు. మన విచారణలో ఇది మరల వచ్చును.

1529లో రాయలు బిజాపురము వారి చేతిలోనున్న బెళగాము దుర్గముపై దండయాత్రకు సన్నాహము చేయుచుండగా జబ్బుపడెను. ఆయన మరణదినము చిరకాలము చరిత్రకారులకు తెలియలేదు. 2023లో కర్ణాటకరాష్ట్రమున తుమకూరు జిల్లాలోని హొన్నేనహళ్ళిలో వెలుగునకు వచ్చిన ఒక కన్నడశాసనము వలన ఆయన 1529 అక్టోబరు 17వ తేదీ ఆదివారము నాడు మరణించినట్లు తెలిసినది. అప్పటికి ఆయనకు మిగిలిన కుమారుడు పదునెనిమిది నెలల శిశువు.

తరువాత జరిగిన కథ మన సీమలోనే ఆరంభమగును. రాజ్యమునకు పోటీ రాకుండ రాయలు తన తమ్ముడగు అచ్యుతరాయలను చంద్రగిరి కోటలో నిర్బంధించియుంచెను. మరణకాలమున శిశువు రాజ్యభారము మోయజాలడని తలంచి, ఆ అచ్యుతుడే రాజు కావలెనని నిర్ణయించెను. చంద్రగిరినుండి వెలువడిన అచ్యుతరాయలు తిరుపతిలోను, శ్రీకాళహస్తిలోను, పిమ్మట విజయనగరములోను పట్టాభిషేకము చేసికొనెను. కాని రాయల అల్లుడైన అళియ రామరాయలు ఆ శిశువును ముందుంచుకొని తాను రాజ్యమును నడపదలచెను. ఇంటిలో పోరు పుట్టినంతనే వెలుపలి శత్రువు మేల్కొనును. ఇస్మాయిలు ఆదిల్‌షా రాయచూరును, ముదిగల్లును మరల పట్టుకొనెను. అచ్యుతరాయలు వానిని తిరిగి గెలుచుటకు కొన్నియేండ్లు పట్టెను. 1542లో ఆయన మరణింపగా మరల వారసత్వపుపోరు, మరల హత్యలు జరిగినవి. చివరకు సదాశివరాయలు పేరునకు రాజయ్యెను. అధికారమంతయు రామరాయల చేతిలో నుండెను.

రామరాయలు సమర్థుడే. కాని సుల్తానులలో ఒకరిపైకి ఒకరిని ఎగద్రోయుటయే ఆయన రాజనీతి. ఆ నీతి కొంతకాలము ఫలించి, తుదకు వారందఱిని ఏకము చేసెను. 1565 జనవరిలో బిజాపురము, అహమ్మదునగరము, గోలకొండ, బీదరు సుల్తానులు కలిసి కృష్ణాతీరమున తళ్ళికోట యుద్ధములో ఆయనను సంహరించిరి. విజయనగరము దోపిడికి గురియయ్యెను. రామరాయల తమ్ముడగు తిరుమలరాయలు ధనరాసులతో పెనుకొండకు తరలిపోయెను. 1586లో రాజైన వేంకటపతిరాయలు కొంతకాలమునకు రాజధానిని చంద్రగిరికి మార్చెను. ఒకప్పుడు రాజబంధువులకు చెఱసాలయైన కోట ఈ విధముగా సామ్రాజ్యమునకే ఆశ్రయమయ్యెను! ఆయన 1614లో మరణింపగనే వారసత్వమునకై మఱియొక అంతర్యుద్ధము చెలరేగెను. 1639లో ఆ క్షీణసామ్రాజ్యమునకు లోబడిన దామర్ల నాయకులు సముద్రతీరమున కొంతభూమిని ఆంగ్లేయ వర్తకుల కిచ్చిరి. అచ్చటనే చెన్నపట్టణము వెలసినది.

ఇక మన ఊహను ఆరంభింతము. రాయలు 1529లో కోలుకొని, 1544వఱకు జీవించెననుకొందము.

మొట్టమొదట, ఆ శిశువు పదునాఱేండ్ల యువకుడై యుండును. తండ్రిప్రక్కన నిలిచి రాచకార్యములను, యుద్ధవిద్యను నేర్చియుండును. అచ్యుతరాయలకు చంద్రగిరి కోట తలుపులు తెఱువబడియుండవు. కావున తిరుమల మండపములో ఆయన శిలాప్రతిమ ఉండకపోవచ్చును. రామరాయలు ఒక పేరుగాంచిన సేనానిగా నుండెడివాడే కాని, శిశువును ముందుంచుకొని రాజ్యము నేలుటకు ఆయనకు అవకాశము కలిగియుండదు.

రెండవది, బెళగాముపై దండయాత్ర జరిగియుండును. గెలుపు నిశ్చయమని చెప్పలేము. కాని రాయచూరులో ఒకమారు ఓడిన ఇస్మాయిలు ఆదిల్‌షా, రాయలు జీవించియుండగా రాయచూరుపైకి మరల వచ్చుటకు సాహసించియుండడు. అచ్యుతరాయలు పోయినదానిని తిరిగి పొందుటకు వెచ్చించిన ఏండ్లును, ధనమును, సైన్యమును మిగిలియుండును.

ఇంతవఱకు మన ఊహకు బలము కలదు. ఇచ్చటినుండి నేల మెత్తబడుచున్నది. తళ్ళికోట యుద్ధము జరిగియుండదని చెప్పవచ్చునా? చెప్పరాదు. మన రెండవ హద్దును తలంచుకొనుడు. రాయచూరు విజయము సుల్తానులకు ఎంత భయమును కలిగించెనో అంత రోషమును కలిగించెను. సంధికై ఆదిల్‌షా వచ్చి తన పాదమును ముద్దిడవలెనని రాయలు కోరెనని నూనిజు వ్రాసియున్నాడు. అట్టి అవమానమునకు పాలైనవారు, ఆ విజేత మఱింత బలవంతుడై బెళగామును కూడ గైకొన్నచో, ఇంకను ముందుగనే ఏకమై యుండెడివారేమో! పరాక్రమవంతుని దీర్ఘాయువు శత్రువులను చెదరగొట్టనూవచ్చును, చేరదీయనూవచ్చును.

మొదటి హద్దును కూడ మఱువరాదు. విజయనగర సైన్యమునకు కావలసిన మేలుజాతి గుఱ్ఱములు సముద్రముమీదుగా రావలసియుండెను. 1510లో గోవాను పట్టుకొన్న పోర్చుగీసువారు ఆ వ్యాపారమును తమ చేతిలో నుంచుకొనిరి. రాయచూరు ముట్టడిలో రాయలకు పోర్చుగీసు తుపాకిభటులు తోడ్పడిరి కూడ. రాయలు మఱి పదునైదేండ్లు జీవించినను సముద్రము పరాయివారి చేతిలోనే యుండెడిది. ఇక 1639నాటి చెన్నపట్టణము మాట మన మూడవ హద్దునకు ఆవలిది. పట్టా ఇచ్చు చేయి మారియుండవచ్చును. కాని తీరమున నేల వెదకు వర్తకుల ఓడలు రాకమానవు. ఒక్కరాజు ఆయువు ఓడల త్రోవను మార్చగలదని చెప్పుటకు ఆధారము లేదు.

అట్లయినచో రాయల మరణము విజయనగరమునకు నిజముగా చేసిన నష్టమేమి? దీనిని తెలిసికొనుటకు మన చిత్తూరుప్రాంతములోనే జరిగిన ఇంకొక మరణమును చూతము. అది రాయల మరణమునకు రెండువందల యేబది మూడేండ్ల పిమ్మటిది.

మైసూరు నేలిన హైదరాలీ 1780లో కర్ణాటకముపై దండెత్తి ఆంగ్లేయులను గడగడలాడించెను. యుద్ధము సాగుచుండగనే వీపుపై పుట్టిన రాచపుండు వలన బాధపడి, 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరునకు సమీపముననున్న నరసింగరాయనిపేట దండులో కన్నుమూసెను. ఆ సమయమున పెద్దకుమారుడగు టిప్పు పడమటి సముద్రతీరమున యుద్ధము చేయుచుండెను. దండు చెదరిపోవుటకు ఇంతకన్న అనువైన సమయము లేదు. కొందఱు టిప్పు తమ్ముని రాజును చేయ ప్రయత్నించిరి కూడ. కాని పూర్ణయ్య మొదలగు మంత్రులు రాజు మరణమును రహస్యముగా నుంచి, టిప్పునకు వేగులనంపి, సైన్యమునకు జీతములను ఆపక, దండును నిలిపిరి. టిప్పు వచ్చి సైన్యమును చేకొనెను. యుద్ధము ఆగలేదు. 1784లో మంగళూరు సంధి జరుగునాటికి మైసూరురాజ్యము చెక్కుచెదరక నిలిచియుండెను.

ఇప్పుడు మూడు మరణములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. బాబిలోనులో అలెగ్జాండరు మరణించునాటికి వారసుడు పుట్టనేలేదు, రాజ్యము ముక్కలయ్యెను. విజయనగరములో రాయలు మరణించునాటికి వారసుడు శిశువు, విశ్వాసపాత్రుడగు మంత్రి అంతకు మునుపే నశించెను, తమ్ముడు రాచకార్యములు నేర్వక కోటలో బందీగా నుండెను; రాజ్యము ముక్కలు కాలేదు గాని లోలోపల బీటలు వాఱెను. నరసింగరాయనిపేటలో హైదరాలీ మరణించునాటికి యుద్ధములలో ఆఱితేరిన కుమారుడును, నమ్మదగిన మంత్రులును ఉండిరి; రాజ్యము నిలిచెను. మువ్వురును గొప్ప విజేతలే. మువ్వురును దండయాత్రల నడుమనే మరణించిరి. భేదము వారి ఆయువులో లేదు. వారు తమ వెనుక నిలిపిపోయిన మనుష్యులలోను, ఏర్పాటులలోను ఉన్నది.

కావున “రాయలు మఱికొంతకాలము జీవించియున్నచో” అను ప్రశ్నకు మనకు దొరకిన సమాధానమిది: ఆ పదునైదేండ్లు ఆయనకు బెళగామును సంపాదించియిచ్చుట కన్న, ఒక కుమారుని పెంచుకొనుటకును, తిమ్మరుసువంటి మఱియొక మంత్రిని తీర్చుకొనుటకును అవకాశము నిచ్చియుండును. ఆ అవకాశమును ఆయన వినియోగించుకొన్నచోనే ఆ యేండ్లకు విలువ. వినియోగించుకొననిచో, 1529లో వచ్చిన కష్టము 1544లో వచ్చియుండును, అంతియే భేదము. మరణమును వాయిదా వేయుట వేఱు, మరణమునకు సిద్ధపడుట వేఱు.

దీనివలన రాయల కీర్తికి లోటు కలుగదు. ఇరువది యేండ్లలో ఆయన చేసినది అనేకులు నూఱేండ్లలో చేయలేరు. ఆయన గెలిచిన దుర్గములు పరుల చేతులకు పోయినవి. ఆయన నగరము శిథిలమైనది. కాని ఆయన కావ్యమును నేటికిని చదువుచున్నాము. గెలిచినదానిలో ఏది నిలుచునో ఏది నశించునో గెలిచిననాడు ఎవ్వరికిని తెలియదు.

ఈ మాఱు తిరుమలకు పోయినప్పుడు మహాద్వారమును దాటగానే ఒక్క నిమేషము ఆ మండపమువంక చూడుడు. నేడు తిరుపతి జిల్లాలో చేరియున్న చంద్రగిరికి పోయి, కోటలోని రాజమహలును, అందలి ప్రదర్శనశాలను కూడ చూచిరండు. తిరుమలలో మువ్వురు రాజులును మౌనముగా చేతులు జోడించియున్నారు. వారిలో ఒక్కరి మరణదినము మారియున్నచో తక్కినవారి కథ మారియుండును. అయినను రాజ్యము ఒక్కని ఊపిరిపై ఆధారపడి నిలుచుట ఎంత అపాయమో ఆ మువ్వురును కలిసి మనకు బోధించుచున్నారు. కుటుంబమునకైనను, పాఠశాలకైనను, దేశమునకైనను ఇదియే నీతి: పని చేయువాడు గొప్పవాడు, తాను లేనినాడును ఆ పని సాగునట్లు చేయువాడు అంతకన్న గొప్పవాడు.

ప్రశ్నలు

1. తిరుమల మండపములోని మువ్వురు రాజుల చరిత్రలకు గల సంబంధమును వివరింపుము.
2. చరిత్రను గూర్చి ఊహించునపుడు పాటింపవలసిన మూడు హద్దులేవి?
3. రాయలు 1544వఱకు జీవించియున్నను మారకయుండెడి సంగతులేవి? ఏల?
4. అలెగ్జాండరు, కృష్ణదేవరాయలు, హైదరాలీ మరణముల ఫలితములను పోల్చి వ్రాయుము.
5. 1524లో తిరుమలరాయడు మరణింపక, తిమ్మరుసు మంత్రిగనే యుండినచో 1529లో ఏమి జరిగియుండును? మూడు హద్దులను దాటక నీ ఊహను వ్రాయుము.